రికార్డు కవర్ల మీద చూసిన బొమ్మలు

బ్లాక్ సబ్బత్ అనే రాక్ బ్యాండ్ గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ పోయాడని 2025 జులైలో వార్త చూడగానే నా కళ్ళ ముందు ఒక బొమ్మ కదిలింది. ఆయన గొంతు ఆ తర్వాత గుర్తొచ్చింది. మాడిపోయిన నేల, దూరంగా మంటలు, కనుచూపు మేర అస్థిపంజరాల దండు, బక్క గుర్రం లాగుతున్న పుర్రెల బండి. బ్లాక్ సబ్బత్ పాటలు ఏరి 1977లో వేసిన ‘గ్రేటెస్ట్ హిట్స్’ ఎల్పీ కవర్ అది. ఆ బొమ్మ వేసింది బ్రూగల్ అనే పాతకాలపు చిత్రకారుడు. ఓజీ పోవడానికి మూడు వారాల లోపే, జులై 5న, పుట్టి పెరిగిన బర్మింగ్‌హామ్‌లో పాత బ్యాండ్ నలుగురూ కలిసి ఆఖరి కచేరీ చేశారు. నిలబడే ఓపిక లేక పెద్ద కుర్చీలో కూర్చునే పాడాడు. ఆ వీడియో మళ్ళీ పెట్టుకుని చూస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ కవర్‌ని నేను చూసింది సికింద్రాబాద్‌లో. క్లాక్ టవర్ నుంచి కాస్త నడిస్తే ఒక సందు మొదట్లో ఉండేది మా రికార్డింగ్ సెంటర్. మా అంటే నాది కాదు, డిగ్రీ చదువుతూ సాయంత్రాలు అక్కడ పనిచేసేవాణ్ణి. ఓనర్‌ని అందరూ భాయ్ అనేవాళ్ళం.

ఇప్పటి పిల్లలకి రికార్డింగ్ సెంటర్ అంటే ఏమిటో చెప్పాలి. మీకు కావలసిన పాటలు కాగితం మీద రాసి, ఖాళీ కేసెట్‌తో పాటు ఇచ్చి వెళ్తారు. మేం మా దగ్గరున్న ఎల్పీల నుంచి ఆ పాటలు కేసెట్‌లోకి ఎక్కించి, రెండు రోజుల తర్వాత ఇస్తాం. దుకాణం నడిచేదంతా ఘంటసాల, ఇళయరాజాల మీదే. పెళ్ళిళ్ళ సీజన్లో సన్నాయి, బ్యాండు పాటలు. కానీ వెనక అరలో భాయ్ ప్రాణంగా చూసుకునే ఇంగ్లీషు రికార్డులుండేవి. ఆయన చుట్టం ఒకాయన ఓడలో పనిచేసేవాడు. ఊరికొచ్చినప్పుడల్లా పాత బట్టల మధ్య పెట్టుకుని నాలుగైదు రికార్డులు తెచ్చేవాడు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి ఆంగ్లో ఇండియన్ కుర్రాళ్ళు, మెడికల్ కాలేజీ హాస్టల్ వాళ్ళు వాటి కోసమే వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళకి పాట దొరికేది. కవర్ మాత్రం మా దగ్గరే ఉండిపోయేది.

నా అదృష్టం అక్కడే ఉంది.

*

ఎల్పీ నుంచి కేసెట్‌కి ఎక్కించాలంటే పాట ఎంతసేపుంటే అంతసేపూ పట్టేది. తొందర పెట్టడానికి వీల్లేదు. ముందు రికార్డుని మెత్తటి గుడ్డతో గాడుల వెంట గుండ్రంగా తుడవాలి. ముల్లు చివర పట్టిన దుమ్ము సన్న బ్రష్‌తో తియ్యాలి. డెక్కులో ప్లే, రికార్డ్ బటన్లు రెండూ కలిపి నొక్కి, పాజ్ మీద ఉంచి, ముల్లు దించి, చిటపటలు మొదలవగానే పాజ్ వదలాలి. అక్కణ్ణుంచి ఇరవై నిమిషాలు కదలకూడదు. ముల్లు ఎక్కడైనా ఇరుక్కుంటే, కరెంటు పోతే, మళ్ళీ మొదట్నుంచి. తొంభై నిమిషాల కేసెట్‌లో ఒక్కో వైపు ఒక్కో ఎల్పీ సరిపోయేది. సౌండు ఎక్కువైతే ఎర్ర లైట్లు వెలుగుతాయి, వాటి మీద ఒక కన్ను వేసి ఉంచాలి. రెండో కన్నుకి పనేమీ ఉండేది కాదు. ఒళ్ళో కవర్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఆ కవర్లకి ఒక వాసన ఉండేది. అట్ట, సిరా, ఎక్కడో పట్టిన చెమ్మ కలిసిన వాసన. వానాకాలంలో వాటికి బూజు పట్టకుండా భాయ్ అరల్లో అరవై వాట్ల బల్బు వెలిగించి ఉంచేవాడు.

ఆ కూర్చోవడంలోనే నాకు బొమ్మ చూడటం అలవాటైంది. ఒకే బొమ్మని పాట పూర్తయ్యేదాకా చూసేవాణ్ణి. ఇప్పుడు మ్యూజియాల్లో జనం ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు నిలబడతారో చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, అంతసేపు చూసే అవకాశం ఒక చిత్రకళా విద్యార్థికి కూడా దొరకదేమో. డీప్ పర్పుల్ వాళ్ళ 1969 ఎల్పీ కవర్ తెరిస్తే పుస్తకంలా రెండు పేజీలయ్యేది. అంతా నలుపు తెలుపు. పక్షి తల ఉన్న ఒక రాక్షసుడు కుర్చీలో కూర్చుని మనిషిని మింగుతుంటాడు. పెద్ద పెద్ద వాయిద్యాలకి మనుషుల్ని కట్టేసి చిత్రహింస పెడుతుంటారు. చిన్నప్పుడు యమలోకంలో శిక్షల బొమ్మలు పుస్తకాల్లో చూసినవాణ్ణే, కుంభీపాకం అంటే ఏమిటో మా అమ్మమ్మ కథలుగా చెప్పింది కూడా. కానీ సంగీతంతోనే శిక్షించే నరకం అప్పుడే చూడటం. ఆ బొమ్మ వేసింది హిరోనిమస్ బాష్ అనీ, అది ఐదు వందల ఏళ్ళ నాటిదనీ నాకు తెలీదు. ఎవరో రాక్ బ్యాండ్ వాళ్ళే వేయించుకున్నారనుకున్నాను.

అమెరికాలో అప్పట్లో చాలా దుకాణాలు ఆ రికార్డుని అమ్మడానికి ఒప్పుకోలేదు. మతాన్ని కించపరిచే బొమ్మ అనుకున్నారు. అది స్పెయిన్ రాజులు ఏరికోరి దాచుకున్న బొమ్మ.

*

మా పక్క షెడ్డులో ఒక ఆర్టిస్టన్న ఉండేవాడు. సినిమా బ్యానర్లు, షాపు బోర్డులు వేసేవాడు. రంగుల పొడి, లిన్సీడ్ ఆయిల్ కలిసిన ఘాటు మా దుకాణం దాకా వచ్చేది. టీ టైముకి మా దగ్గరికొచ్చి కవర్లు తిరగేసేవాడు. పాటలతో ఆయనకి పని లేదు. ఇంగ్లీషు రాదు. ఒకసారి నేను బ్రూగల్ అస్థిపంజరాలు లెక్కపెడుతుంటే చూసి అన్నాడు, “తమ్మీ, ముందుగాల వెలుతురు ఎక్కడికెళ్ళి వస్తున్నదో చూడు. మనుషులను తర్వాత చూద్దువు.”

చూశాను. ఎండ ఎక్కడా లేదు. ఉన్న వెలుగంతా దూరాన కాలుతున్న మంటలది. అంతవరకూ నాకు భయం కలిగించింది పుర్రెలనుకున్నాను. ఆయన చెప్పాక తెలిసింది, ఆ బొమ్మలో పొద్దే లేదు.

ఒక ఏడాది భాయ్‌కి షట్టర్ మీద బొమ్మ వేయించాలనిపించింది. ఆయన మనసంతా గిటారు వాయించే జిమీ హెండ్రిక్స్ మీద. ‘ఆక్సిస్: బోల్డ్ యాజ్ లవ్’ కవర్ తీసి ఆర్టిస్టన్న చేతిలో పెట్టాడు. అన్న దాన్ని పూర్తిగా తెరిచి, రెండు చేతులతో దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

“దేవుని బొమ్మ షట్టర్ మీద ఎట్ల వేస్తం భాయ్? పొద్దుగాల లేపుతరు, రాత్రి కింద పడేస్తరు. నేలకు తగుల్తది, కాళ్ళు తగుల్తయి. నేను వెయ్య.”

అన్నది విశ్వరూపం గురించి. ఆ కవర్ గురించి చాలా చెప్పాలి, తర్వాత చెబుతాను. భాయ్ బలవంతం చెయ్యలేదు. అస్థిపంజరాలు వేద్దామంటే సందులో పిల్లలు జడుసుకుంటారు. చివరికి అన్నే అరలోంచి ఒక కవర్ తీశాడు. బుట్టలో గులాబీలు. ముందు వైపు బ్యాండ్ పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు. కుడి అంచున చిన్న చిన్న రంగు గళ్ళు. న్యూ ఆర్డర్ అనే మాంచెస్టర్ బ్యాండ్ 1983లో వేసిన ‘పవర్, కరప్షన్ అండ్ లైస్’ అది.

కవర్ మీద గీత పడకూడదని దాని మీద ట్రేసింగ్ పేపర్ పరిచి పెన్సిల్‌తో గళ్ళు గీశాడు. షట్టర్ మీద సుద్దముక్కతో అవే గళ్ళు పెద్దవి గీశాడు. ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎక్కించుకుంటూ పోయాడు. దగ్గర్నుంచి చూస్తే ఎనామిల్ రంగు మరకలు, షట్టర్ గాడుల మధ్య విరిగిన గీతలు. ఎదుటి ఫుట్‌పాత్ మీదికి వెళ్ళి వెనక్కి తిరిగితే గులాబీలు. లేత గులాబీ రంగుకి పక్కన కాస్త ఆకుపచ్చ కలిపిన బూడిద రంగు వేస్తే పువ్వు ముందుకొస్తుందని ఆయన చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. రంగు గళ్ళు కూడా వదల్లేదు, ఒక్కటి తేడా రాకుండా వేశాడు. ఆ కవర్‌కి ఒక రంగుల లిపి ఉందనీ, బ్యాండ్ పేరూ ఆల్బమ్ పేరూ అందులోనే దాచారనీ, కవర్ వెనక ఉన్న రంగుల చక్రం దానికి తాళంచెవి అనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఆ గులాబీలు ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ ఫాంటాన్ లాటూర్ 1890లో వేసినవి. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. కవర్ చేసిన డిజైనర్ పీటర్ సావిల్‌కి ఆ బొమ్మ పోస్ట్‌కార్డు మీద దొరికింది. అనుమతి అడిగితే గ్యాలరీ మొదట కాదందట. రికార్డు కంపెనీ నడిపే టోనీ విల్సన్ ఫోన్ చేసి, అసలు ఈ బొమ్మ ఎవరిదని అడిగాడట. బ్రిటన్ ప్రజలదని జవాబొస్తే, ఆ ప్రజలకే ఇప్పుడు కావాలన్నాడట. ఆ మాట చదివినప్పుడు మా షట్టర్ గుర్తొచ్చి ఎంత సంతోషమేసిందో. ఆ ప్రజల్లో మా సందువాళ్ళూ చేరిపోయారు.

*

ఇక విశ్వరూపం.

1967 డిసెంబర్లో ఇంగ్లండులో విడుదలైంది ఆ రికార్డు. లండన్‌లో దొరికిన ఒక విష్ణు విశ్వరూపం పటాన్ని తీసుకుని, డేవిడ్ కింగ్, రోజర్ లా అనే ఇద్దరు కవర్ తయారు చేశారు. అనేక శిరస్సులు, అనేక బాహువులు, చుట్టూ దేవతలు. అంతా మన పూజగదుల్లో ఉండే పటమే. మధ్యలో మాత్రం జిమీ హెండ్రిక్స్ ముఖం, ఆయన పక్కన బ్యాండ్‌లో మిగతా ఇద్దరి ముఖాలు.

మా అమ్మమ్మ దేవుడి గూట్లో ఆ రూపమే క్యాలెండర్ కాగితం మీద ఉండేది. ఏడాది అయిపోయినా తేదీల భాగం కత్తిరించి బొమ్మకి ఫ్రేము కట్టించింది. కుంకుమ పడీ పడీ కింది అంచు ఎర్రబడిపోయింది. దుకాణంలో మొదటిసారి ఆ కవర్ చూసినప్పుడు నా చెయ్యి అలవాటు కొద్దీ కళ్ళకి అద్దుకోబోయింది. ఆ తర్వాత ముఖాలు చూశాను. ఒంట్లో ఏదో కలుక్కుమంది. అలాగని ఆ పాటలు పక్కన పెట్టలేకపోయాను. ఆ గిటారు విన్నవాళ్ళెవరూ పెట్టలేరు.

హెండ్రిక్స్‌కి కూడా ఆ కవర్ నచ్చలేదు. తన వంశంలో ఉన్న అమెరికా మూలవాసుల వారసత్వాన్ని చూపించే బొమ్మ ఉంటే బాగుండేదన్నాడు. ఆయన్ని అడిగి చేసింది కాదు. లండన్‌లో ఆ రోజుల్లో ఇండియా అంటే మోజు, ఆ మోజులో కంపెనీ వాళ్ళు చేసేశారు. చాలా ఏళ్ళ తర్వాత, 2014లో, మలేషియా ప్రభుత్వం ఆ కవర్‌ని నిషేధించింది. నిషేధం వల్ల ఏం సాధించారో నాకు తెలీదు గానీ, బాధపడినవాళ్ళ బాధ మాత్రం నాకు అర్థమవుతుంది. ఆర్టిస్టన్నది కూడా అదే బాధ. గొడవ చెయ్యకుండా, ఎవర్నీ తిట్టకుండా, వెయ్యనని చెప్పి పక్కన పెట్టాడు. ఆ మర్యాద నాకు నచ్చింది.

కానీ ఆ కవర్ వల్లే నాకు ఒక సంగతి తట్టింది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి లక్ష్మినీ సరస్వతినీ అచ్చు వేయించాడు. ఆయన నూనె రంగుల అసలు చిత్రాలు చూసినవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరూ ఉండరు. అయినా ఆ లక్ష్మి లేని ఇల్లు లేదు. కాగితం మీద అచ్చయి, క్యాలెండరై, దుకాణాల్లో సంక్రాంతికి ఊరికే ఇచ్చే కానుకై ఇంటింటికీ వచ్చింది. బాష్, బ్రూగల్, ఫాంటాన్ లాటూర్ కూడా నా దగ్గరికి అలాగే వచ్చారు. ఓడలో, పాత బట్టల మధ్య, సగం చిరిగిన అట్ట మీద. మా దుకాణంలో తెలుగు రికార్డుల లేబుళ్ళ మీదున్న హెచ్ఎంవీ కుక్క కూడా అలా వచ్చిందే. ఫ్రాన్సిస్ బరాడ్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు తమ ఇంటి కుక్క నిప్పర్‌ని తలుచుకుని వేసిన బొమ్మ అది. 1899లో గ్రామఫోన్ కంపెనీ కొనుక్కుంది. ఘంటసాల పాడుతుంటే మన దేశం మొత్తం ఆ చిత్రం గిరగిరా తిరుగుతుంటే చూసింది.

*

కేసెట్లు చవగ్గా బజార్లో దొరకడం మొదలయ్యాక మా పని తగ్గిపోయింది. కవర్ కూడా అరచేతిలో పట్టేంత అయిపోయింది. ఆ రోజుల్లోనే గన్స్ ఎన్ రోజెస్ వాళ్ళ ‘యూజ్ యువర్ ఇల్యూజన్’ రెండు భాగాలూ వచ్చాయి. 1991 సెప్టెంబర్ 17న రెండూ ఒకే రోజు విడుదల చేశారు. రెండింటి మీదా ఒకే బొమ్మ. ఒకటి పసుపు ఎరుపుల్లో, ఇంకొకటి నీలం ఊదాల్లో. ఒక కుర్రాడు కాలు మీద కాలు వేసి నిలబడి, మోకాలి మీద కాగితం పెట్టుకుని గబగబా రాసుకుంటుంటాడు. ఇంకో మనిషి పక్కనుంచి తొంగి చూస్తుంటాడు.

ఆ కుర్రాడు నాకు ఆబిడ్స్‌లో దొరికాడు. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ అట్ట ఊడిపోయిన ఒక బొమ్మల పుస్తకంలో. రఫాయెల్ వాటికన్‌లో 1509 నుంచి 1511 దాకా వేసిన ‘స్కూల్ ఆఫ్ ఏథెన్స్’ గోడచిత్రం. మధ్యలో ప్లేటో, అరిస్టాటిల్ నడిచి వస్తుంటారు. చుట్టూ పేరున్న తత్వవేత్తలు బోలెడుమంది. ఆ గుంపులో కుడి పక్కన, గోడకి ఆనుకుని, వాడు! అక్కడే, ఎండలో, గట్టిగా అరిచినంత పని చేశాను. పుస్తకాలమ్మే తాత బెదిరిపోయి చూశాడు. తర్వాత చదివితే తెలిసింది, ఆ గుంపులో చాలామంది ఫలానా అని పండితులు తేల్చారు గానీ ఆ కుర్రాడెవరో ఎవరూ తేల్చలేదట. చిత్రకారుడు మార్క్ కోస్టాబి అంతమందిలోంచి పేరు లేనివాణ్ణి ఎంచుకుని కవర్ చేశాడు. కేసెట్ డబ్బాలో పెట్టే ఇన్‌లే కార్డులు మోకాలి మీద పెట్టుకుని పాటల పేర్లు రాసిన నాకు వాడంటే ఇప్పటికీ ప్రత్యేకమైన అభిమానం.

దుకాణం ఎప్పుడు మూతపడిందో నేను చూడలేదు. ఉద్యోగం వచ్చి ఊరు వదిలేశాను. తర్వాత ఒకసారి వెళ్తే అక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు, కొత్త షట్టర్ వేశారు. ఆర్టిస్టన్న గురించి అడిగితే ఫ్లెక్సీలు వచ్చాక పని మానేసి ఊరికి వెళ్ళిపోయాడని చెప్పారు. ఏ ఊరో ఎవరికీ తెలీదు. ఆ మనిషికి నేనెంత రుణపడ్డానో చెప్పే వీలు లేకుండా పోయింది.

*

మా అమ్మాయి జర్మనీలో ఉంటుంది. తన దగ్గరికి వెళ్ళినప్పుడు పట్టుబట్టి మాడ్రిడ్ తీసుకెళ్ళమన్నాను. బాష్ నరకమూ బ్రూగల్ అస్థిపంజరాలూ రెండూ అక్కడి ప్రాడో మ్యూజియంలోనే ఉన్నాయి. లోపల ఫొటోలు తియ్యనివ్వరు. నాకదే బాగుంది.

బాష్ బొమ్మ ముందుకి వెళ్ళి నిలబడ్డాక కాసేపు అది నేనెరిగిన బొమ్మే అనిపించలేదు. నా తలలో ఉన్న నరకం నలుపు తెలుపు. అసలు రంగుల్లోనే వెయ్యాల్సిన కవర్ అది, అచ్చు తప్పు వల్ల అలా వచ్చింది, బ్యాండ్ వాళ్ళు అలాగే ఉంచేశారు. ఇక్కడేమో మూడు పలకల బొమ్మ, మనిషికన్నా ఎత్తు. ఎడమ పక్క స్వర్గం పచ్చగా, మధ్యలో ఉద్యానవనం గులాబీ, నీలం రంగుల్లో. కుడి పలక నరకం చీకటిగా, పైన నగరాలు తగలబడుతూ. వీణలాంటి వాయిద్యం తీగల మధ్య చేతులు చాచి వేలాడుతున్న మనిషి కనబడ్డాక గుండె కుదుటపడింది. రంగులో చూస్తే భయం తగ్గి జాలి కలిగింది. నిజం చెప్పాలంటే డీప్ పర్పుల్ సంగీతానికి ఆ నలుపు తెలుపే సరిపోయిందని ఇప్పటికీ అనుకుంటాను.

బ్రూగల్ బొమ్మ అనుకున్నదానికన్నా చిన్నది. వెడల్పు నూట అరవై రెండు సెంటీమీటర్లు, అంతే. 1562 ప్రాంతంలో చెక్క మీద వేశాడు. మ్యూజియం వాళ్ళు దాన్ని శుభ్రం చేసి 2018లో మళ్ళీ పెట్టారు, నీలాలూ ఎరుపులూ మెరుస్తున్నాయి. ఆర్టిస్టన్న చెప్పినట్టు ముందు వెలుతురు చూశాను. మంటల దగ్గర్నుంచి కిందికి దిగుతూ వచ్చాను. గంట కొడుతున్న అస్థిపంజరాలు. పడిపోతున్న రాజుకి ఇసుక గడియారం చూపిస్తున్న అస్థిపంజరం, పక్కన పీపాల నిండా బంగారు నాణేలు. భోజనాల బల్ల కింద దూరుతున్న విదూషకుడు. అప్పుడు, కింద కుడి మూల, కవర్ మీద నేనెప్పుడూ గమనించనిది కనిపించింది. ఒక జంట. అతను ల్యూట్ అనే తీగల వాయిద్యం వాయిస్తున్నాడు, ఆమె ఒళ్ళో పుస్తకం పెట్టుకుని ఉంది. ఇద్దరూ పాటలో మునిగిపోయారు. వెనకాల ఒక అస్థిపంజరం కూర్చుని, వాళ్ళతో కలిసి తనూ వాయిస్తోంది.

ఇన్నేళ్ళూ ఆ కవర్ ఒళ్ళో పెట్టుకుని విన్న సంగీతం మొత్తం ఆ మూలలో ఉంది. బ్లాక్ సబ్బత్‌కి ఆ బొమ్మ ఎందుకు అంతగా అతికిందో అప్పుడు నాకు తెలిసొచ్చింది. ఓజీ పాడినప్పుడల్లా ఆ అస్థిపంజరం వాయిద్యం కూడా వినబడుతూనే ఉండేది.

“నాన్నా, దీని ముందు ఇంతసేపా?” అంది మా అమ్మాయి.

“ఒక ఎల్పీ అంతసేపు నిలబడనియ్యమ్మా” అన్నాను. తను నవ్వి, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

*

ఇప్పుడు మా బంధువుల పిల్లలకి నా పిచ్చి తెలిసిపోయింది. కాన్సస్‌లో చదువుకుంటున్న మా చెల్లెలి కొడుకు మొన్న టొపీకాలో ఆ రాష్ట్ర శాసనసభ భవనానికి వెళ్ళి వీడియో కాల్ చేశాడు. కాన్సస్ బ్యాండ్ 1974లో తమ మొదటి ఆల్బమ్‌కి వాడుకున్న గోడచిత్రం అక్కడుంది. జాన్ స్టూవర్ట్ కర్రీ వేసినది. బానిసత్వం మీద తిరగబడ్డ జాన్ బ్రౌన్ ఒక చేత్తో బైబిల్, ఇంకో చేత్తో తుపాకీ పట్టుకుని చేతులు చాచి నిలబడతాడు, వెనక సుడిగాలి, కార్చిచ్చు. “మామయ్యా, కనిపిస్తోందా? గడ్డం కనిపిస్తోందా?” అని వాడు ఫోన్ పైకెత్తి తిప్పుతుంటే, గైడు వచ్చి ఏమిటని అడిగాడు. వాడు మా దుకాణం కథ మొత్తం ఆయనకి చెప్పాడట.

వచ్చే ఏడాది బెర్లిన్ వెళ్ళాలి. ఫ్లీట్ ఫాక్సెస్ అనే బ్యాండ్ 2008లో తమ మొదటి ఆల్బమ్ మీద వేసుకున్న బ్రూగల్ బొమ్మ అక్కడి గ్యాలరీలో ఉంది. 1559లో వేశాడు. ఊరంతా జనం, ఒక్కొక్కరూ ఒక్కో సామెత చేసి చూపిస్తుంటారు, వందకు పైగా ఉన్నాయట. చిన్న చేపని పెద్ద చేప మింగుతుంది, ఒకడు గోడకి తల బాదుకుంటాడు, గుడ్డివాడు గుడ్డివాళ్ళకి దారి చూపిస్తాడు. దూడ పడి చచ్చాక బావి పూడుస్తున్న మనిషి కూడా ఒకడున్నాడు. ముందు వాణ్ణి వెతికి పట్టుకోవాలి. మా అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచాను, ఈసారి మధ్యాహ్నం భోజనం పెందలాడే కానిచ్చి వెళ్దామని.